డాలు వదిలేసిన చెయ్యి

దిల్‌సుఖ్‌నగర్‌లో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగితే సాలార్‌జంగ్ మ్యూజియం దగ్గరే. అక్కడి ఆయుధాల గదిలో జనం కత్తుల ముందే గుమిగూడతారు. కవచాలను చూసినా, చేతికి తొడిగే భాగం మీద ఎవరి చూపూ నిలవదు. కానీ కవచాలు చేసేవాడికి పెద్ద తలనొప్పి అదే. ఛాతీ వంగదు, దానికి వంచి కొట్టిన రేకు సరిపోతుంది. ఒక్కో చేతి వేళ్లలోనే 14 ఎముకలున్నాయి. అవన్నీ కదిలితేనే కత్తి నిలుస్తుంది.

దక్కన్‌లో వాడినది దస్తానా (ముంజేతి కవచం). మణికట్టు నుంచి మోచెయ్యి దాకా బయటివైపు పొడవాటి ఉక్కు రేకు ఉంటుంది. మణికట్టు లోపలివైపు చిన్న రేకు, దాన్ని కలిపే మడతబందులు, బిగించడానికి తోలు పట్టీ. మరి చేతికి? దూది కూరిన గుడ్డో, ఇనుప కడియాల అల్లికో వేళ్ల మీదికి దిగుతుంది. అరచెయ్యి ఖాళీ.

అది చాలేది. ఎందుకంటే ఎడమ చేతిలో డాలు ఉంది. కుడి చేతిలోని తల్వార్ పిడి చాలా ఇరుకు. ఈ చివర అడ్డకమ్మీ, ఆ చివర గుండ్రటి బిళ్ల, మధ్యలో పిడికిలి. ఉక్కు వేళ్లకు అక్కడ చోటు లేదు.

జర్మనీలో కథ వేరు. 15వ శతాబ్దానికి ఒంటి మీది ఉక్కే ఎంత గట్టిగా వచ్చిందంటే, నేల మీద పోరాడే యోధుడు డాలును పక్కన పెట్టేశాడు. రెండు చేతులతో పొడవాటి కత్తి, గొడ్డలి పట్టాడు. దాంతో శత్రువుకి అందరికన్నా దగ్గరగా, ఏ అడ్డూ లేకుండా మిగిలినవి చేతులే. చేతి కవచం మీద అంత శ్రద్ధ పెరిగింది అందుకే.

ఆగ్స్‌బర్గ్, న్యూరెంబర్గ్, లాండ్‌షుట్ కమ్మరులు చేతిని చిన్న చిన్న రేకులుగా విడదీశారు. ఒకదాని అంచు మరోదాని మీదికి వస్తుంది. కలిపే రివెట్టు కోసం గుండ్రటి రంధ్రం బదులు కోల రంధ్రం కొడితే రేకు కాస్త జరుగుతుంది, అంటే చెయ్యి వంగుతుంది. వేళ్ల రేకులను తోలు పట్టీల మీద బిగించి, లోపల తోలు తొడుగు పెట్టేవారు. మణికట్టు మీద మొనదేలిన పొడవాటి కఫ్. పైన కనబడే గాడులు సొగసు కోసమే అనుకుంటాం. రేకుల షెడ్డు మీది మడతల్లాగే అవి పలచటి ఉక్కుకి బిగువునిస్తాయి. మాక్సిమిలియన్ చక్రవర్తికి కవచాలు చేసిన లోరెంజ్ హెల్మ్‌ష్మిడ్ ఈ పనిలో దిట్ట. మూల్యం లేకపోలేదు. అన్నీ ఆ మనిషి కొలతకే చెయ్యాలి. ఒక్క రివెట్టు బిగుసుకున్నా ఆ వేలు పనిచెయ్యదు.

దక్కన్‌లో మరాఠాలు వాడిన పటా ఇంకో దారి. తొడుగు చేతికి కాదు, కత్తికే బిగించి ఉంటుంది. లోపలి అడ్డకమ్మీని పట్టుకోవాలి. ముంజెయ్యి భద్రం. కానీ మణికట్టు తిరగదు, వేటు భుజం నుంచి రావాలి. నా మటుకు జర్మన్ పనికన్నా ఇదే తెగువైన ఆలోచన.

ఇక్కడి మ్యూజియంలలో మిగిలిన దస్తానాలు ఎక్కువగా 17వ శతాబ్దం తర్వాతివి. ఎక్కడైనా కనబడితే పైనున్న బంగారు పనితో సరిపెట్టుకోకండి, పక్కకు వంగి మడతబందులు చూడండి. అన్నట్టు, సాలార్‌జంగ్ మ్యూజియానికి శుక్రవారం సెలవు.