గ్రాఫిక్స్ కార్డు కొనేముందు ఒక బ్యాంకు లెక్క

పెళ్లీడు పిల్లలున్న ఇంట్లో బంగారం ధర ఎలాగో, కంప్యూటరు ఆటలాడే కుర్రాళ్లున్న ఇంట్లో గ్రాఫిక్స్ కార్డు ధర అలాగ. మన సభ్యుల ఇళ్లలో ఈ మాట ఇప్పుడు తరచు వినబడుతోంది. లక్ష రూపాయల కార్డు కావాలని పిల్లవాడు అడగడం, "లక్షా? ఆటలకా?" అని తండ్రి కేకవేయడం, చర్చ అంతటితో ముగియడం మామూలే. నాకు ఆటలు రావు. చదివింది కామర్సు, చేసేది బ్యాంకు ఉద్యోగం. ఎవరైనా డబ్బు అడిగితే దేనికి, ఎంత, అంతే ఎందుకు అని అడగడం మా వృత్తిధర్మం. 2025 వేసవిలో మా చిన్నవాడిని అలాగే అడిగాను. అప్పుడు తెలుసుకున్న సంగతులు తోటి తల్లిదండ్రులకు పనికొస్తాయని వ్రాస్తున్నాను.

వాడి దగ్గర ఏడాది పాటు స్టయిపెండులో మిగిల్చుకున్న లక్షా పాతిక వేలు ఉన్నాయి. అది కాక, ఎం.టెక్. ఫీజుకు పనికొస్తుందని మా అమ్మ వాడి పేర వేసిన ఫిక్స్‌డ్ డిపాజిట్ ఒకటి ఉంది. వాడి కన్ను దాని మీద పడింది. "నాయనమ్మ వేసిన డబ్బు నాదే కదా నాన్నా" అన్నాడు. వాడిదే, కాదనలేం. కాకపోతే గడువుకు ముందే తీస్తే వడ్డీలో కోత పడుతుంది, చదువు నాటికి ఆ డబ్బూ ఉండదు. కాబట్టి తేలవలసింది ఒక్కటే: వాడికి నిజంగా కావలసిన కార్డుకు ఆ డిపాజిట్ తీయాలా, అక్కర్లేదా?

కార్డు చేసే పని నాకు అర్థమైనంతలో చెబుతాను. కంప్యూటరులోని ప్రధాన ప్రాసెసర్ మా బ్రాంచి మేనేజరు లాంటిది. కష్టమైన పనిని ఒకటొకటిగా, వేగంగా చక్కబెడుతుంది. గ్రాఫిక్స్ కార్డులో ఉండేది వేలకొద్దీ గుమాస్తాలు. ఒక్కొక్కరికీ తెలిసింది చిన్న లెక్కే, కానీ అందరూ ఒకేసారి వేస్తారు. తెర మీద బొమ్మ అంటే లక్షల చుక్కలు, ప్రతి చుక్కకూ రంగు కట్టాలి. మామూలు ఫుల్ హెచ్‌డీ తెర మీద ఇరవై లక్షల పైచిలుకు చుక్కలుంటాయి. 1440 గీతల తెర మీద దాదాపు 37 లక్షలు, 4కె తెర మీద దాదాపు 83 లక్షలు. సెకనుకు అరవై సార్లో, నూట నలభై సార్లో ఈ లెక్కంతా మళ్లీ మొదటి నుంచీ వేయాలి. అందుకే కార్డు కంటే ముందు తెర సంగతి అడగాలి. మావాడిది 27 అంగుళాల 1440 తెర. మార్చే ఉద్దేశం లేదన్నాడు. 4కె తెర కోసం తయారైన కార్డు తెచ్చి దీనికి తగిలిస్తే, నలుగురు ఖాతాదారులు వచ్చే బ్రాంచిలో నలభై మంది సిబ్బందిని కూర్చోబెట్టినట్లే.

ఇక ధరలు. 2025 ఆరంభంలో ఎన్‌విడియా కంపెనీ తన కొత్త వరుసకు మన దేశంలో ప్రకటించిన ప్రారంభ ధరలు ఇవి: ఆర్‌టీఎక్స్ 5070 టీఐ 80,000, ఆర్‌టీఎక్స్ 5080 1,07,000, ఆర్‌టీఎక్స్ 5090 2,14,000. దుకాణంలో ధర వేరుగా ఉంటుంది, వారం వారం మారుతుంది కూడా. అయినా పోల్చి చూడడానికి ఇవి చాలు. మొదటి కార్డులో గుమాస్తాలు 8,960, రెండోదానిలో 10,752. అంటే 20 శాతం ఎక్కువ. ధర మాత్రం 34 శాతం దాకా ఎక్కువ. మెమరీ రెండింటిలోనూ అదే 16 జీబీ. మూడోదాని ధర రెండోదానికి సరిగ్గా రెట్టింపు, గుమాస్తాలు 21,760, మెమరీ 32 జీబీ. చూడబోతే న్యాయమైన బేరమే. కానీ ఆటలో వేగం రెండింతలు కాదు. 4కె తెర మీదే సుమారు సగం ఎక్కువ, చిన్న తెర మీద అంత కూడా కనబడదు. ఈ అంకెలు కాగితం మీద వేసి చూపించాక మావాడు రెండు రోజులు 5090 మాట ఎత్తలేదు. మూడోనాడు వాడే ఒక పట్టిక తెచ్చాడు. తాను ఆడే ఆటలు ఒక వరుసలో, ఒక్కోదానికి కావలసిన మెమరీ ఇంకో వరుసలో. అప్పు అడగడానికి వచ్చే వ్యాపారస్థులు అందరూ అంత శుభ్రంగా కాగితం తేరు.

ఏఎండీ వారి ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ కూడా ఆ పట్టికలో ఉంది. 2025 మార్చిలో వచ్చింది, దానిలోనూ 16 జీబీయే. అమెరికాలో ప్రకటించిన ధర 599 డాలర్లు, అక్కడ 5070 టీఐ ధర 749. కేవలం ఆటలకైతే అదే లాభమని నా అభిప్రాయం. మావాడు చదవబోయేది మెషీన్ లెర్నింగ్. ఆ రంగంలో చాలా ప్రోగ్రాములు ఎన్‌విడియా వారి క్యూడా మీద నడుస్తాయి. కాబట్టి ఆ తేడా సొమ్ము చదువు పద్దులో వ్రాసుకున్నాం.

పేర్ల దగ్గర జాగ్రత్తగా ఉండాలి. ఆర్‌టీఎక్స్ 5060 టీఐ అనే ఒకే పేరుతో 8 జీబీ కార్డు ఉంది, 16 జీబీ కార్డు ఉంది. ల్యాప్‌టాప్‌లో 5090 అని ఉంటే అది బల్ల మీది కంప్యూటరులోని 5090 కాదు. గుమాస్తాలు సగం కంటే తక్కువ, మెమరీ 24 జీబీ. 2022లో ఇదే కంపెనీ 4080 పేరుతో రెండు వేర్వేరు కార్డులు ప్రకటించి, విమర్శలు వచ్చాక ఒకదాన్ని వెనక్కు తీసుకుంది. 2023 జనవరిలో అదే 4070 టీఐ అనే పేరుతో వచ్చింది.

2025 జనవరిలో, 549 డాలర్ల 5070 కార్డు పాత 4090 అంత పని చేస్తుందని ఆ కంపెనీ అధిపతి జెన్సన్ హువాంగ్ వేదిక మీద ప్రకటించారు. అందులో కిటుకు ఏమిటంటే, కార్డు నిజంగా గీసిన రెండు బొమ్మల మధ్య కృత్రిమ మేధ ఊహించిన బొమ్మలు మూడు దాకా చేరుతాయి. కదలిక నునుపుగా కనబడుతుంది, నిజమే. కానీ మీట నొక్కినప్పుడు ఆట బదులిచ్చేది అసలు బొమ్మల వేగంతోనే. మా భాషలో ఇది పుస్తకాల్లో జమ అయిన వడ్డీ, చేతికి వచ్చిన వడ్డీ కాదు. పనికిరానిదని అనను, కార్డును కార్డుతో పోల్చేటప్పుడు మాత్రం పక్కన పెట్టాలి.

ఏనుగును కొన్నవాడు అంకుశం దగ్గర పిసినారితనం చూపినట్లు, చాలామంది కరెంటు దగ్గర పొదుపు చేస్తారు. 5070 టీఐ 300 వాట్లు తాగుతుంది, 5080 అయితే 360, 5090 అయితే 575. మొదటిదానికి 750 వాట్ల పవర్ సప్లయి కావాలని కంపెనీయే చెబుతోంది, చివరిదానికి 1000. ఇళ్లలో సాధారణంగా ఉండే 600 వీఏ యూపీఎస్ మోయగలిగేది 360 వాట్ల లోపే. కరెంటు పోయిన క్షణంలో అది కూడా చేతులెత్తేస్తుంది. కాబట్టి పవర్ సప్లయి, యూపీఎస్ ఖర్చులను కార్డు ధరలో కలిపి చూసుకోవాలి. కంప్యూటరు మొత్తం 500 వాట్లు అనుకుంటే, రోజుకు మూడు గంటల చొప్పున నెలకు 45 యూనిట్లు. మీ ఊరి రేటుతో మీరే గుణించుకోండి. ఆ కరెంటంతా చివరకు గదిలో వేడిగానే దిగుతుంది. బళ్లారి ఎండాకాలం ఎరిగినవారికి వివరించనక్కర్లేదు. 2022 అక్టోబరులో కొన్ని 4090 కార్డుల దగ్గర పిన్నులు కరిగిన వార్తలు వచ్చాయి. ప్లగ్గును చివరిదాకా నొక్కాలి, దాని పక్కనే వైరును వంచకూడదు. కార్డులు ముప్పై సెంటీమీటర్లు దాటుతున్నాయి, ముందుగా టేపుతో క్యాబినెట్ లోపల కొలవండి.

"డల్లాస్‌లో చిన్నాన్న ఉన్నాడుగా, తెప్పిద్దాం" అనే మాట మన ఇళ్లలో తప్పక వస్తుంది. అక్కడి వారంటీ ఇక్కడ చెల్లకపోవచ్చు, సుంకం పడే అవకాశమూ ఉంది. నేను వద్దన్నాను. వడ్డీ లేని ఈఎమ్ఐ అన్నా నాకు గిట్టదు. సున్నా శాతం వడ్డీ అనేది లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే చెప్పింది. నగదుకు వచ్చే తగ్గింపు వదులుకోవడం, ప్రాసెసింగ్ రుసుము, వడ్డీ మీద జీఎస్‌టీ కలిపితే అసలు లెక్క బయటపడుతుంది.

బెంగుళూరు ఎస్.పి. రోడ్డులో నాలుగు దుకాణాలు తిరిగాం. ఒకాయన 5080 కొనమని గట్టిగా పట్టుబట్టాడు. మావాడు తన పట్టిక తీసి చూపించి, నన్నొక్క మాట మాట్లాడనివ్వకుండా 5070 టీఐ దగ్గరే నిలబడ్డాడు. కార్డు, పవర్ సప్లయి, యూపీఎస్ అన్నీ వాడి లక్షా పాతిక వేలలోనే తెమిలాయి. బిల్లు మీద సీరియల్ నంబరు వ్రాయించుకున్నాం. డిపాజిట్ గడువుదాకా అలాగే ఉంది.

వాడి పాత జీటీఎక్స్ 1650 బరంపురంలో మా చెల్లెలి కొడుకుకు పంపాం. 75 వాట్లదే కాబట్టి వేరే వైరు లేకుండా ఏ పాత కంప్యూటరులోనైనా కూర్చుంటుంది. రాత్రి తొమ్మిది దాటితే ఇద్దరూ చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని "బావా, వెనక చూడు" అని అరుచుకుంటూ ఉంటారు. ఒకడికి కన్నడ బడి, ఇంకొకడికి ఒరియా బడి. వాళ్లిద్దరూ గంటసేపు ఆగకుండా తెలుగు మాట్లాడేది అక్కడే. మేనల్లుడు మొన్న ఫోనులో, "మామయ్యా, నాకు 750 వాట్లది కావాలంటే ఎంతవుతుంది?" అన్నాడు. ముందు నీ తెర ఎన్ని గీతలదో కనుక్కొని చెప్పమన్నాను.