తూకం తగ్గింది సరే... కండ మాటేమిటి?

అన్నం మానడంతో సరిపెడితే కొవ్వుతో పాటే బలమూ పోతుంది
మాంసకృత్తులు పెంచే ముందు ఉద్దానంలో మూత్రపిండాల పరీక్ష తప్పనిసరి

పలాస: మధుమేహం బయటపడిన రోజునే ఆ విశ్రాంత ఉపాధ్యాయుడు రాత్రి అన్నానికి స్వస్తి పలికారు. ఉదయం చోడి అంబలి, మధ్యాహ్నం గుప్పెడు అన్నం, సాయంత్రం గంటసేపు నడక. నాలుగు నెలలు తిరిగేసరికి 74 కిలోల మనిషి 63 కిలోలకు దిగారు. చక్కెర అదుపులోకి వచ్చింది. ఎదురైన వారంతా 'బాగా సన్నబడ్డారు మాస్టారూ' అని అభినందించారు. అయితే బస్సు మెట్టెక్కేందుకు కడ్డీని రెండు చేతులా పట్టుకోవాల్సి వస్తోందని, తోటలో కొబ్బరికాయల గోనె కదపలేకపోతున్నానని ఆయన ఈ విలేకరి వద్ద వాపోయారు. ఆ 11 కిలోల్లో కరిగింది కొవ్వు ఒక్కటే కాదు, కండ కూడా.

తీసుకునే ఆహారం చాలనప్పుడు శరీరం నిల్వ ఉన్న కొవ్వును ఖర్చు చేస్తుంది. దానితో పాటే కండరాల్లోని మాంసకృత్తులనూ విడగొట్టి వాడుకుంటుంది. తగ్గిన బరువులో సుమారు నాలుగో వంతు కొవ్వు కానిదే ఉంటుందని సాధారణ అంచనా. బరువు వేగంగా తగ్గినా, ఆహారంలో మాంసకృత్తులు చాలకపోయినా, కండరాలకు పని లేకపోయినా ఈ వాటా పెరుగుతుంది. మొదటి వారంలో రెండు మూడు కిలోలు తగ్గామని సంబరపడేవారు గమనించవలసింది మరొకటుంది. అందులో అధిక భాగం శరీరంలో నిల్వ ఉన్న పిండిపదార్థం, దానిని అంటిపెట్టుకున్న నీరే. వారానికి అర కిలో చొప్పున తగ్గడం మేలు.

భోజనం తరువాత రక్తంలో చేరే చక్కెరలో అధిక భాగాన్ని స్వీకరించేవి కండరాలే. వాటిని పోగొట్టుకున్న మధుమేహ రోగి చక్కెర దాచుకునే చోటును పోగొట్టుకున్నట్లే. పైగా మన దేశీయులకు కండ తక్కువ, కొవ్వు ఎక్కువ. పుణేకు చెందిన వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్‌కు చెందిన జాన్ యుడ్కిన్ తామిద్దరూ పక్కపక్కన నిలుచున్న ఫొటోను 2004లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఎత్తుకు తగిన బరువును తెలిపే బీఎంఐ ఇద్దరికీ 22.3 మాత్రమే. శరీరంలో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కు 9.1 శాతం, యాజ్ఞిక్‌కు 21.2 శాతం. ఒకే బీఎంఐ వెనుక ఇంత వ్యత్యాసం దాగి ఉండవచ్చు.

అన్నం తగ్గిస్తే ఏం తగ్గుతోంది?

2017-18 ప్రాంతంలో రకరకాల ఆహార పద్ధతులు తెలుగునాట ఊరూరా ప్రచారమయ్యాయి. అన్నమే శత్రువన్న భావన అప్పటి నుంచీ బలపడింది. అన్నంలోనూ మాంసకృత్తులుంటాయన్న సంగతిని పలువురు విస్మరిస్తున్నారు. వంద గ్రాముల బియ్యంలో అవి సుమారు 8 గ్రాములు. రోజుకు 300 గ్రాముల బియ్యం తినే వ్యక్తి దానిని సగం చేస్తే 12 గ్రాముల మాంసకృత్తులు కోల్పోతాడు. ఆ లోటు పూడ్చకుండా పలుచని చారుతో సరిపెట్టుకోవడమే చిక్కు. రెండు కోడిగుడ్లు తింటే ఆ 12 గ్రాములూ వచ్చేస్తాయి. మానేసిన అన్నంతో పోలిస్తే వాటి కేలరీలు మూడో వంతులోపే.

భారత వైద్య పరిశోధన మండలి 2020 ప్రమాణాల ప్రకారం ఆరోగ్యవంతులకు కిలో శరీర బరువుకు రోజుకు 0.83 గ్రాముల మాంసకృత్తులు అవసరం. 65 కిలోల వ్యక్తికి సుమారు 54 గ్రాములు. బరువు తగ్గే ప్రయత్నంలో ఉన్నవారికి, వయసు మళ్లినవారికి కిలోకు 1 నుంచి 1.2 గ్రాములు మేలని పోషకాహార నిపుణులు సూచిస్తున్నారు. వంద గ్రాముల కందిపప్పు, ఉలవలు, చేపలు, కోడిమాంసం ఏది తీసుకున్నా సుమారు 20 గ్రాములు లభిస్తాయి. గ్లాసు పాలలో ఆరు గ్రాములు. అంబలి మంచిదే, చోళ్లలో కాల్షియం పుష్కలం. కానీ మాంసకృత్తులు ఏడు గ్రాములే, అంబలిగా పలుచన చేస్తే మరీ స్వల్పం. ఇక మన పలాస జీడిపప్పులో మాంసకృత్తులున్న మాట వాస్తవమే గానీ, వంద గ్రాములకు 600 కేలరీల దాకా ఉంటాయి. బరువు తగ్గేవారు లెక్కపెట్టుకుని తినాల్సిందే.

నడక ఒక్కటే చాలదు

అమెరికాలో 65 ఏళ్లు దాటిన 160 మంది స్థూలకాయులపై జరిగిన అధ్యయనం 2017లో వెలువడింది. ఆహారం తగ్గించి వ్యాయామం చేసిన మూడు బృందాలవారూ ఇంచుమించు సమానంగానే, 9 శాతం బరువు తగ్గారు. నడక వంటి వ్యాయామం మాత్రమే చేసిన బృందంలో కొవ్వేతర భాగం 5 శాతం పోగా, బరువులతో కసరత్తు చేసిన బృందంలో 2 శాతమే పోయింది. రెండూ కలిపి చేసినవారిలో 3 శాతం పోయినా, శరీర సామర్థ్యం మాత్రం అందరికంటే వారిలోనే మెరుగుపడింది.

ఇందుకు జిమ్ అక్కర్లేదు. చేతుల సాయం లేకుండా కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకు చేతులానించి దండీలు తీయడం, నీళ్ల బకెట్లు రెండు చేతులా పట్టుకుని నడవడం, మడమలెత్తి మునివేళ్లపై నిలవడం చాలు. ఒక్కొక్కటి 10 సార్లు, రెండు మూడు దఫాలు, వారానికి రెండు మూడు రోజులు చేయాలి. చివరి రెండు సార్లు కష్టమనిపించాలి. తేలికైపోతే బకెట్లో నీరు పెంచాలి. ఊపిరి బిగబట్టరాదు. బస్తాలు మోసే కూలీకి ఈ పాఠం అక్కర్లేదు. పొలం కౌలుకిచ్చి మోటారు సైకిల్‌పై తిరిగే మాబోటి వారికే ఇది అవసరం.

కండ తగ్గిందో లేదో ఇంట్లోనే స్థూలంగా తెలుసుకోవచ్చు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చునేందుకు 12 సెకన్లు, ఆపై పట్టినా, పిక్క చుట్టుకొలత పురుషులకు 34, స్త్రీలకు 33 సెంటీమీటర్లలోపు ఉన్నా అనుమానించాలని ఆసియా వైద్య నిపుణుల బృందం 2019లో సూచించింది.

ఉద్దానంలో జాగ్రత్త

మాంసకృత్తులు పెంచాలన్న సలహాను కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో యథాతథంగా పాటించరాదు. దెబ్బతిన్న మూత్రపిండాలకు అవి అదనపు భారమవుతాయి. డయాలసిస్ దశకు చేరనివారు పరిమితి పాటించాలి, డయాలసిస్ చేయించుకునేవారికి అవసరం పెరుగుతుంది. ఎవరికెంతన్నది వైద్యుడే నిర్ణయించాలి. ఇక్కడ మరో మెలిక ఉంది. రక్తపరీక్షలో చూసే క్రియాటినిన్ కండరాల నుంచే వస్తుంది. కండ కరిగినవారిలో మూత్రపిండాలు బలహీనపడినా ఆ అంకె సాధారణంగానే కనిపించవచ్చు. అందుచేత మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. కసరత్తు మొదలుపెట్టాక ఒళ్లు నొప్పులని దుకాణంలో నొప్పి మాత్రలు కొని మింగడం మూత్రపిండాలకు మరింత ప్రమాదకరం. రెండు రోజులు ఆగితే ఆ నొప్పులు వాటంతటవే తగ్గుతాయి.

మాస్టారు ఈ రెండు పరీక్షలూ చేయించుకున్న తరువాతే వైద్యుని సలహాపై గుడ్లు, ఉడికించిన సెనగలు మొదలుపెట్టారు. పెరట్లో బకెట్లు మోస్తున్నారు. రెండు నెలల్లో తూకం కిలో పెరిగింది. చక్కెర పెరగలేదు. బస్సు కడ్డీని ఇప్పుడు ఒక చేత్తోనే పట్టుకుంటున్నానని, రెండో చేతిలో సంచి ఉంటోందని ఆయన చెప్పారు.