ఆ కుర్చీకి ఓటు లేదు

మా పెద్దది సివిక్స్ పాఠం అప్పజెబుతూ మధ్యలో ఆగింది. "అమ్మా, స్పీకరంటే మాట్లాడేవాడు కదా! మరి లోక్‌సభలో అందరూ మాట్లాడుతుంటే ఆయన 'కూర్చోండి, కూర్చోండి' అంటాడేం?" పొయ్యి మీద పోపు మాడుతున్నా నవ్వాగలేదు. దాని వయసులో మా ఇంట్లోనూ ఇలాంటి ప్రశ్నే వచ్చింది మరి.

1999 ఏప్రిల్ 17. గరివిడిలో పక్కింటివాళ్ళ టీవీ ముందు వీధి వీధంతా కూర్చున్నాం. వాజ్‌పేయి ప్రభుత్వానికి విశ్వాస పరీక్ష. అనుకూలం 269, వ్యతిరేకం 270. ఒక్క ఓటుతో ప్రభుత్వం పడిపోయింది. స్పీకర్ కుర్చీలో ఉన్నది మన కోనసీమ మనిషి, ఎదుర్లంకలో పుట్టిన జి.ఎం.సి. బాలయోగి. ఆయన తెలుగుదేశం ఎంపీ. ఆ పార్టీ ప్రభుత్వం వైపే ఉంది. మా నాయనమ్మ ఊరుకుంటుందా! "ఆయన మనోడే కదేటి, ఆయనోటు ఏటయిపోనాది?" అని నాన్నని నిలదీసింది.

"స్పీకర్ ఓటెయ్యకూడదమ్మా. రెండు పక్కలా సమానంగా వస్తేనే వేస్తాడు" అన్నారు నాన్న.

ఆ 'సమానం' ఎంత దగ్గరదాకా వచ్చిందో పెద్దయ్యాక చదివి తెలుసుకున్నాను. సాలూరు ఘాట్ ఎక్కితే వచ్చే కోరాపుట్ నుంచి గెలిచిన గిరిధర్ గమాంగ్, ఆ ఫిబ్రవరిలోనే ఒరిస్సా ముఖ్యమంత్రి అయ్యారు. ఎంపీ పదవి మాత్రం వదల్లేదు. ఆయన ఓటెయ్యొచ్చా అని సభలో గొడవ. బాలయోగి ఆ సంగతి గమాంగ్ మనస్సాక్షికే వదిలేశారు. ఆయన వ్యతిరేకంగా వేశారు. ఆపి ఉంటే 269కి 269! అప్పుడు ప్రభుత్వం ఉండేదీ లేనిదీ బాలయోగి ఒక్క ఓటే తేల్చేది. నా పిల్లలిద్దరి తగువు తీర్చేటప్పుడే నేను చిన్నాడి వైపు మొగ్గుతానని పెద్దది దెప్పుతుంది. నిజమేనేమో కూడా.

అంతకుముందు అనంతశయనం అయ్యంగారు, నీలం సంజీవరెడ్డి ఆ కుర్చీలో కూర్చున్న తెలుగువాళ్ళు. 1967లో స్పీకరయ్యాక సంజీవరెడ్డి పార్టీకే రాజీనామా ఇచ్చేశారు. ఆడవాళ్ళ మాటకొస్తే 2009లో మీరాకుమార్, 2014లో సుమిత్రా మహాజన్ స్పీకర్లయ్యారు. ప్రతిపక్ష నాయకులుగా సోనియా గాంధీ, సుష్మా స్వరాజ్ పనిచేశారు. మా విజయనగరం కూడా 2009లో బొత్స ఝాన్సీలక్ష్మిని లోక్‌సభకి పంపింది. కానీ తెలుగింటి ఆడపడుచు స్పీకరైంది లేదు, డిప్యూటీ స్పీకరైందీ లేదు. ఆ డిప్యూటీ కుర్చీ 2019 నుంచి 2024 దాకా, అయిదేళ్ళూ ఖాళీగానే ఉంది. ఖాళీగా ఉంచుకునే బదులు... సరే, మన మాట వినేదెవరు!

బాలయోగి 2002 మార్చి 3న కైకలూరు దగ్గర హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఉప ఎన్నికలో ఆయన భార్య విజయకుమారి గెలిచి అదే సభకి వెళ్ళారు. అప్పటికి స్పీకర్ స్థానంలో మనోహర్ జోషి ఉన్నారు. పేపర్లో ఆ వార్త నేనే చదివి వినిపించాను. నాయనమ్మ ఈసారి ఓటు గురించి అడగలేదు.

"రోజూ ఎదురుగా ఆ కుర్చీ చూస్తుంటే ఆయమ్మకి ఎలగుంటాదో" అంది.