విత్తన పత్తి: పరీక్షకు ముందే మెలకువ

1970లో గుజరాతులోని సూరతు పరిశోధనా కేంద్రమున డాక్టరు సి. టి. పటేలు గారు హెచ్-4 అను సంకర పత్తిని వెలువరించిరి. పిదప చేతితో పుప్పొడి అద్ది విత్తనము చేయు పని దేశమున వ్యాపించి, కృష్ణా తుంగభద్రల నడుమనున్న మన గట్టు చెల్కలకును వచ్చినది.

ఈ పంటలోని నష్టము చేనిలో కనబడదు. విత్తనమును వేరొకచోట మొలిపించి మొక్కలను లెక్కింతురు. నూటికి 90 అయినను సరియైన సంకరజాతివి లేనిచో చెల్లదందురు. అప్పటికి నెలలు గడచియుండును. రైతుకు దూది సొమ్ము మాత్రము దక్కును. పెట్టుబడికై తెచ్చిన అప్పు వడ్డీతో నిలుచును. ఆ దినమున ఎవరితో వాదించిననేమి?

కావున విత్తకముందే మేలుకొనవలెనని మా అభిప్రాయము. ఇతర పత్తి చేనికిని మన చేనికిని కనీసము 30 మీటర్ల యెడముండునట్లు పొరుగువారితో మాటాడుకొనవలెను. సాయంకాలము ఆడచెట్టు మొగ్గలలోని కేసరములను ఒకటైనను విడువక తీసి, మరునాటి యుదయము మగచెట్టు పుప్పొడి అద్దవలెను. కనుదప్పి విచ్చిన పువ్వును త్రుంచివేయవలెను. తనంతట పట్టిన కాయ చూపున కింపుగనే యుండును గాని, పంటను చెరచునది అదియే. దినమునకు కొన్ని పూలు తక్కువైనను కూలివారిని తొందరపెట్టరాదు. (బడిపిల్లలను ఈ పనికి దింపరాదని వేరుగ చెప్పనక్కరలేదు.)

ఇక కాగితము సంగతి. ధర, పరీక్ష గడువు, చెల్లనిచో లెక్క యెట్లు అనునవి ముందే వ్రాయించుకొనవలెను. సరుకు నప్పగించునాడు ఉభయుల యెదుట ముద్రవేసిన నమూనా నొకదానిని మనయింట నుంచుకొనవలెను. ఒక్కడడిగిన వినకపోవచ్చును, సంఘసభ్యులు పదిమంది కలసి యడిగిన కాదనుట కష్టము. భూమినంతయు దీనికే యొడ్డక కొంత జొన్నయు కందియు వేసికొన్నవారికి, ఫలితము తెలియువరకు తిండిగింజల వెదుకులాట యుండదు.