తెరపై ముఖఛాయ

తెరపై ఆకుపచ్చ చొక్కా కాస్త నీలంగా కనిపించినా మనం పట్టించుకోము. మనిషి ముఖం కొంచెం ఎర్రబారినా, పాలిపోయినా వెంటనే గుర్తిస్తాము. పుట్టినప్పటి నుండి ముఖాలను చూస్తూ పెరిగిన కళ్ళు మనవి. అందుకే టెలివిజన్ రంగుల నిజానిజాలు తేల్చడానికి ముఖాన్ని మించిన గీటురాయి లేదు.

స్టూడియోలలో రంగులను కొలిచేందుకు వెక్టర్‌స్కోప్ అనే సాధనం ఉంటుంది. దాని గుండ్రని తెరపై ఎరుపు, పసుపు రంగుల స్థానాల మధ్యగా ఒక గీత ఉంటుంది. చర్మఛాయను సరిచూసేది ఆ గీతతోనే. విశేషమేమిటంటే, తెల్లనివారైనా, చామనఛాయవారైనా, నల్లనివారైనా సహజమైన వెలుతురులో అందరి చర్మమూ దాదాపు ఆ గీత దగ్గరికే చేరుతుంది. అందరి చర్మంలోనూ ఉండేది మెలనిన్ వర్ణకమే; దాని కింద ప్రవహించేది ఎర్రని రక్తమే. ప్రధానమైన తేడా ఆ ఛాయ ఎంత ముదురు, ఎంత లేత అన్నదే.

అయినా యంత్రాలను తయారుచేసినవారు అందరినీ సమానంగా చూడలేదు. గత శతాబ్దంలో అమెరికాలో రంగుల ఫోటోలు ముద్రించే ల్యాబులకు కొడాక్ సంస్థ ఒక నమూనా చిత్రాన్ని పంపేది. 'షర్లీ కార్డు'గా పేరుపొందిన ఆ చిత్రంలో దశాబ్దాల పాటు ఉన్నది తెల్లజాతి మహిళే. ఆమె ముఖం చక్కగా వస్తే రంగులన్నీ సరిగా ఉన్నట్లే లెక్క. నల్లజాతివారి ముఖాలు మాత్రం వివరాలు లేకుండా చీకటిగా వచ్చేవి. పలు జాతుల మహిళలు కలిసి ఉన్న కార్డులు 1990లలో గానీ రాలేదు.

ఇక మన ఇంటి సంగతి. దుకాణంలో కళ్ళు జిగేల్‌మనిపించే 'వివిడ్' లేదా 'డైనమిక్' అమరికలో తెలుపు నీలి వైపు మొగ్గుతుంది. ఉతికిన బట్టలకు నీలిమందు పెడితే మరింత తెల్లగా తోచినట్లే, తెరపై ముఖాలు కూడా ఉన్నదానికన్నా తెల్లగా తోస్తాయి. ప్రసారాలకు ప్రామాణికమైన తెలుపు 6500 కెల్విన్. దానికి దగ్గరగా ఉండేవి 'సినిమా' లేదా 'ఫిల్మ్‌మేకర్' అమరికలు. కలర్ టెంపరేచర్‌ను 'వార్మ్'కు మార్చితే మొదట పసుపుగా అనిపిస్తుంది గానీ, కొద్ది రోజులలో కళ్ళు అలవాటుపడతాయి. పగటి వెలుతురులో ఫిల్టర్ లేకుండా తీసిన ఇంటివారి ఫోటోను తెరపై ఉంచి, ఆ మనిషితో పోల్చి చూడవచ్చు.

అయితే తెరను సరిదిద్దినంత మాత్రాన సరిపోదు. మేకప్పు, స్టూడియో దీపాలు, ఫోన్ ఫిల్టర్లు తెల్లబరచిన ముఖాలే మన పిల్లలకు రోజూ కనిపిస్తున్నాయి. పెళ్ళి సంబంధాల కోసం పంపే ఫోటోలో అమ్మాయి రంగును పెంచడం చాలా ఇళ్ళలో మామూలైపోయింది. ఆ ఒక్క పనితో 'నీ రంగు చాలదు' అని కన్నవారే బిడ్డకు చెప్పినట్లవుతుంది. ఫోటోను ఉన్నది ఉన్నట్లుగా పంపుదాము. ఆ రంగు చూసి వెనుదిరిగే సంబంధం ముందుగానే వెనుదిరగడం మన బిడ్డకు మేలు.