ఇల్లు పోయింది... అప్పు మిగిలింది!

స్పెయిన్‌లో బార్సెలోనాకి దగ్గర్లో మార్తొరెల్ అని ఓ చిన్న ఊరు. ఊరు చిన్నదే కానీ, అక్కడి ఓ కార్మికుడి ఇంటి గొడవ లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది.

మహమ్మద్ అజీజ్ మొరాకో నుంచి వలస వచ్చిన మనిషి. నెలకి 1,341 యూరోల ఆదాయం. 2007 జులైలో తన కుటుంబం ఉంటున్న ఇంటినే తాకట్టు పెట్టి బ్యాంకు దగ్గర 1,38,000 యూరోలు తీసుకున్నాడు. 33 ఏళ్లపాటు కట్టాలి, మొత్తం 396 వాయిదాలు. ఆ ఇంటి ఖరీదు సుమారు 1,94,000 యూరోలని అప్పట్లో లెక్కకట్టారు. కాబట్టి ఎటుపోయినా ఇల్లు ఉందిలే అన్న ధీమా.

ఏడాది తిరక్కముందే కథ అడ్డం తిరిగింది. 2008 జూన్ నుంచి వాయిదాలు ఆగిపోయాయి. ఆలస్యానికి వడ్డీ 18.75 శాతం! 2010 జులైలో ఇంటిని వేలానికి పెడితే పాట పాడేందుకు ఒక్కరూ రాలేదు. అలాంటప్పుడు సగం విలువకే ఇంటిని బ్యాంకు సొంతం చేసుకోవచ్చని అప్పటి చట్టం. అలా 97,200 యూరోలకి ఇల్లు బ్యాంకుదైపోయింది. 2011 జనవరిలో కుటుంబాన్ని ఖాళీ చేయించారు. బాకీ చూస్తే 1,39,000 యూరోలు దాటింది. అంటే ఇల్లు పోయాక కూడా ఇంకా 40 వేల యూరోలకి పైనే కట్టాలి.

వేలం అడిగిందీ బ్యాంకే, సగం ధరకి తీసుకుందీ బ్యాంకే, మిగతాది కట్టమన్నదీ బ్యాంకే. వినడానికి విడ్డూరమే. కానీ చట్టవిరుద్ధం కాదు. అప్పు చేసినవాడు ఇప్పుడున్న ఆస్తితోనే కాదు, రేపు సంపాదించబోయే దాంతో కూడా జవాబుదారీ అంటుంది స్పెయిన్ సివిల్ కోడ్‌లోని 1911వ అధికరణం. అమెరికాలో కాలిఫోర్నియా లాంటి చోట్ల అలా కాదు. సొంతంగా ఉండటానికి ఇల్లు కొనేందుకు తీసుకున్న అప్పయితే, సాధారణంగా ఇంటితోనే చెల్లు. 1930ల మహామాంద్యం నేర్పిన పాఠం అది.

స్పెయిన్‌లో అజీజ్ ఒంటరివాడేం కాదు. నిర్మాణరంగం కుప్పకూలి ఉద్యోగాలు పోవడంతో లక్షల కుటుంబాలకి నోటీసులొచ్చాయి. పిల్లల అప్పుకి హామీ సంతకం చేసిన అమ్మానాన్నల ఇళ్లకీ ముప్పొచ్చింది. 2009లో బార్సెలోనాలో బాధితులు ఓ వేదికగా ఏర్పడ్డారు. ఖాళీ చేయించడానికి అధికారులొస్తే గుమ్మానికి అడ్డంగా కూర్చునేవారు. 'తాళాలు తీసుకోండి, అప్పు కొట్టేయండి' అన్నదే వాళ్ల డిమాండు. దాన్ని చట్టం చేయాలంటూ 14 లక్షలకి పైగా సంతకాలు పార్లమెంటుకి చేరాయి. ఆ ఉద్యమాన్ని ముందుండి నడిపిన అదా కొలావ్ 2015లో బార్సెలోనా మేయరయ్యారు.

2013 మార్చి 14న అజీజ్ కేసులో తీర్పొచ్చింది. ఒప్పందంలో అన్యాయమైన షరతులున్నాయేమో తేల్చేలోగా ఇంటి జప్తుని ఆపే అధికారం న్యాయమూర్తికి లేకపోవడం తప్పని కోర్టు చెప్పింది. ఆ మే నెలలో స్పెయిన్ చట్టాన్ని మార్చింది. సొంతంగా ఉంటున్న ఇంటిని బ్యాంకు తీసుకుంటే సాధారణంగా 70 శాతం విలువ కట్టాలి. మిగిలిన బాకీలో 65 శాతాన్ని అయిదేళ్లలో తీరిస్తే తక్కినది మాఫీ. తాళాలిస్తే అప్పు చెల్లు అన్న కోరిక మాత్రం అందరికీ వర్తించే చట్టం కాలేదు.

మన దగ్గర? ఇక్కడా అంతే. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం ఇంటి వేలంలో వచ్చిన సొమ్ము చాలకపోతే, మిగతాదాని కోసం బ్యాంకు రుణ వసూళ్ల ట్రైబ్యునల్‌కో కోర్టుకో వెళ్లొచ్చు. హామీదారుడినీ అడగొచ్చు. ఎక్కువొస్తే మాత్రం తిరిగి ఇవ్వాల్సిందే. బాకీ అంతా కట్టి ఇల్లు విడిపించుకునే వీలు వేలం ప్రకటన వెలువడేవరకే ఉంటుందని 2023లో సుప్రీంకోర్టు తేల్చిచెప్పింది.