ఇక నర్సమ్మే పెద్దదిక్కు

డాక్టర్ చెప్పింది చేసిపెట్టే మనిషిగానే ఇన్నాళ్లూ నర్సును చూశాం. ఇప్పుడామె ఊరికి తొలి వైద్యం అందిస్తోంది, సొంతంగా కాన్పులు చేస్తోంది, మంచం పట్టినవారి ఇంటికే వెళ్లి నొప్పి తగ్గిస్తోంది. రేపటి వైద్యం చాలావరకు ఆమె చేతుల్లోనే ఉండబోతోంది. మరి ఆ చేతులకు తగిన అధికారం, జీతం, గౌరవం దక్కుతున్నాయా?

పొలం పనులకు వెళ్లాల్సినవాళ్లు పొద్దున్నే వచ్చి ఊరి క్లినిక్ ముందు కూర్చుంటారు. చాలామంది చేతిలో బీపీ, షుగరు మాత్రల కవరు. లోపల బీఎస్సీ నర్సింగ్ చదివిన అమ్మాయి ఒక్కొక్కరినే పిలిచి, జబ్బకు పట్టీ చుట్టి బీపీ చూస్తుంది. వేలికొన మీద సూదితో గుచ్చి, ఒక్క చుక్క రక్తంతో షుగరు చూస్తుంది. ‘‘మాత్రలు వేసుకుంటున్నావా పెద్దమ్మా?’’ అని అడిగితే, ‘‘తగ్గింది కదాని మానేశానమ్మా’’ అన్న జవాబు తరచూ వినిపిస్తుంది. తగ్గింది ఆ మాత్రల వల్లేననీ, మానేస్తే పక్షవాతం దాకా రావచ్చనీ ఆమె ఓపిగ్గా విడమరిచి చెబుతుంది. రీడింగు మరీ ఎక్కువుంటే ‘ఈ-సంజీవని’ తెరిచి డాక్టర్‌తో వీడియోలో మాట్లాడిస్తుంది. డాక్టర్ తెరమీద ఉంటారు, రోగి పక్కన ఉండేది మాత్రం నర్సే.

ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 2,500 మందికి ఒకటి చొప్పున పదివేలకు పైగా విలేజ్ క్లినిక్‌లకు రూపకల్పన జరిగింది. వాటిని నడిపేది ఎంఎల్‌హెచ్‌పీలు, అంటే మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్లు. 2018లో మొదలైన ఆయుష్మాన్ భారత్ పథకమే ఈ కొలువుకు పునాది. జబ్బుల తీరు మారడమే దీనికి అసలు కారణం. ఐసీఎంఆర్ ఆధ్వర్యంలో దేశమంతటా జరిపిన సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహం, 31 కోట్ల మందికి పైగా రక్తపోటు ఉన్నాయని అది తేల్చింది. ఇవి ఒక్క ఇంజెక్షన్‌తో పోయే జబ్బులు కావు. నెలనెలా చూస్తూ, మందు మానకుండా కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. అన్ని కోట్ల మందిని అలా వెన్నంటి ఉండటం డాక్టర్ల వల్ల అయ్యే పని కాదు. పేషెంటు పేరు, కూతురి పెళ్లి కబురు కూడా తెలిసిన నర్సుకే అది సాధ్యం.

కాన్పు గదిలో కొత్త నమ్మకం

అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో నూటికి 21 కాన్పులు సిజేరియన్ అవుతుంటే, తెలంగాణలో ఆ సంఖ్య 60 దాటింది. ఆంధ్రప్రదేశ్‌లో 42. పురిటి నొప్పులంటే భయం, ముహూర్తం చూసుకుని బిడ్డను తీయించుకునే అలవాటు, నొప్పులు వచ్చేదాకా ఆగే తీరిక లేని ఆసుపత్రులు... ఇలా కారణాలు చాలా ఉన్నాయి. దీనికి విరుగుడుగా 2017లో తెలంగాణ ప్రభుత్వం ఫెర్నాండెజ్ ఫౌండేషన్, యునిసెఫ్‌లతో కలిసి కరీంనగర్‌లో నర్సులకు పద్దెనిమిది నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. మరుసటి ఏడాది కేంద్రం దేశమంతటికీ మిడ్‌వైఫరీ మార్గదర్శకాలు విడుదల చేసింది.

ఒకప్పటి మంత్రసానికి అనుభవం ఉండేది, శాస్త్రీయ శిక్షణ ఉండేది కాదు. మిడ్‌వైఫ్‌కు రెండూ ఉంటాయి. గర్భిణి పొట్ట మీద టేపు పెట్టి కొలిచి, బిడ్డ నెలలకు తగ్గట్టు పెరుగుతోందా అని అంచనా వేస్తుంది. రెండు అరచేతులతో తడిమి తల ఎటుందో, వీపు ఎటుందో చెబుతుంది. నొప్పులు మొదలయ్యాక తల్లిని మంచానికి కట్టిపడేసినట్టు పడుకోబెట్టదు. నడిపిస్తుంది, పెద్ద రబ్బరు బంతి మీద కూర్చోబెడుతుంది, నడుము రాస్తుంది, తోడుగా తల్లినో భర్తనో ఉండనిస్తుంది. గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుంది, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోంది అన్నది వేళకు వేళ చార్టులో గుర్తిస్తుంది. గీత దారి తప్పితే వెంటనే డాక్టర్‌ను పిలుస్తుంది. ఎప్పుడు ఆగాలో, ఎప్పుడు ఆగకూడదో తెలియడమే ఆమె విద్య.

ఇంటికొచ్చే వైద్యం

2021 అంచనాల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి వందమందిలో 12 మంది అరవై దాటినవారే. 2050 నాటికి దేశ జనాభాలో అయిదో వంతు వృద్ధులు ఉంటారని ఐక్యరాజ్యసమితి జనాభా నిధి లెక్కగట్టింది. కొడుకు డల్లాస్‌లో, కూతురు బెంగళూరులో, అమ్మానాన్నలు గుంటూరులో ఉన్న ఇళ్లు మన మధ్య ఎన్నో! తుంటి ఎముక విరిగినా, పక్షవాతంతో మంచాన పడినా రోజూ ఆసుపత్రికి తీసుకెళ్లే దిక్కుండదు. అలాంటి చోట ఇంటికొచ్చే నర్సింగ్ విలాసం కాదు, అవసరం.

క్యాన్సర్ చివరి దశలో ఉన్నవారికైతే అది మరీ అవసరం. తెలంగాణలో హైదరాబాద్ ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రి అనుభవంతో చేవెళ్లలో మొదలైన పాలియేటివ్ (నొప్పి, బాధ తగ్గించే) సేవలు తర్వాత జిల్లాలకు పాకాయి. ఆ బృందాల్లోని నర్సు ‘ఆలన’ వాహనంలో ఇంటికే వచ్చి పుండు కడిగి కట్టు కడుతుంది, యూరిన్ పైపు మారుస్తుంది. ఒళ్లు పుళ్లు పడకుండా రెండు గంటలకోసారి ఎలా పక్కకు తిప్పాలో కోడలికో కొడుక్కో చేసి చూపిస్తుంది. డాక్టర్ రాసిన మార్ఫిన్ మాత్ర వేళకు అందుతోందో లేదో, నొప్పి పదికి ఎంత ఉందో అడిగి రాసుకుంటుంది.

యంత్రం లెక్క, మనిషి కన్ను

పరుపు కింద పెట్టిన సెన్సరు రోగిని తాకకుండానే గుండె లయ, శ్వాస గమనించే రోజులివి. బెంగళూరులో పుట్టిన డోజీ పరికరాలు ఇప్పటికే మన ఆసుపత్రుల్లో ఉన్నాయి. శ్వాస, ఆక్సిజన్, రక్తపోటు, నాడి, స్పృహ, జ్వరం... ఈ కొలతలన్నీ కలిపి ప్రమాదాన్ని ముందే పసిగట్టే స్కోరును బ్రిటన్ 2012లోనే రూపొందించింది. అంకెలు రాసే చాకిరీని యంత్రాలకు వదిలితే, రోగి దగ్గర కూర్చునే సమయం నర్సుకు మిగులుతుంది. అలాగని యంత్రమే సర్వస్వం కాదు. అంకెలన్నీ బాగానే ఉన్నా ‘ఈ పేషెంటు ఎందుకో తేడాగా ఉన్నాడు’ అని నర్సుకు అనిపిస్తే చాలు, అత్యవసర బృందాన్ని పిలవచ్చన్న నియమం ఎన్నో దేశాల ఆసుపత్రుల్లో ఉంది. యంత్రాల వల్ల పని తగ్గుతుంది కదాని వార్డులో నర్సుల సంఖ్యను కోస్తే రోగికి ఒరిగేది శూన్యం.

రెక్కలొచ్చిన కొలువు

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 నివేదిక ప్రకారం లోకమంతటా దాదాపు 3 కోట్ల మంది నర్సులున్నా, ఇంకా 58 లక్షల మంది తక్కువే. సంపన్న దేశాల్లో నలుగురు నర్సుల్లో దాదాపు ఒకరు పరాయి గడ్డ మీద పుట్టినవారే. ఒకప్పుడు గల్ఫ్ దారి పట్టిన మన సిస్టర్లు ఇప్పుడు బ్రిటన్‌కు, జర్మనీకి వెళ్తున్నారు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ హైదరాబాద్‌లో జర్మన్ భాష నేర్పించి మరీ పంపుతోంది. అక్కడ పూర్తిస్థాయి నర్సుగా గుర్తింపు పొందాలంటే ఆ భాషలో రోగితో ధారాళంగా మాట్లాడగలగాలి మరి.

మన దేశంలో రిజిస్టరైన నర్సింగ్ సిబ్బంది 33 లక్షలకు పైనే. అయినా వెయ్యిమందికి ముగ్గురి లోపే. వెళ్లేవారిని ఆపడం న్యాయం కాదు. చదువు కోసం తెచ్చిన అప్పు తీరాలి, తమ్ముడి చదువు సాగాలి. వాళ్లను నిలుపుకోవాలంటే ఇక్కడి కొలువు నిలబడేలా ఉండాలి.

బాధ్యత సరే, హక్కు?

అమెరికాలో నర్స్ ప్రాక్టిషనర్ చదువు 1965లో కొలరాడో విశ్వవిద్యాలయంలో మొదలైంది. నేడు సగానికి పైగా రాష్ట్రాల్లో వాళ్లు డాక్టర్ పర్యవేక్షణ లేకుండానే పరీక్షించి మందులు రాస్తున్నారు. బ్రిటన్‌లో ప్రత్యేక అర్హత పొందిన నర్సులకు 2006లోనే ఆ అధికారాన్ని విస్తరించారు. మన దగ్గర 1947 నాటి ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. చదువు ప్రమాణాలకు, జాతీయ రిజిస్టరుకు అందులో చోటుంది. కింది స్థాయి కథ వేరు. ఆంధ్రప్రదేశ్‌లో ఎంఎల్‌హెచ్‌పీలు 2025 వేసవిలో సమ్మెకు దిగారు. ఆరేళ్లుగా కాంట్రాక్టు మీదే పనిచేస్తున్న తమను రెగ్యులరైజ్ చేయాలన్నది వాళ్ల ప్రధాన డిమాండు. ఊరి ఆరోగ్యాన్ని అప్పగించిన మనిషికి ఉద్యోగ భద్రతే లేకపోతే ఎలా?

మిడ్‌వైఫరీ నేర్చిన నర్సుకు కాన్పు గదిలోనే పోస్టింగు, ప్రత్యేక కేడరు ఉండాలి. ఇంటికెళ్లి సేవ చేసే సిస్టర్లకు ప్రయాణంలో భద్రత, ప్రమాద బీమా కావాలి. ఏ మందు ఎవరు రాయవచ్చో, పొరపాటు జరిగితే బాధ్యత ఎవరిదో రాతపూర్వకంగా తేలాలి. 2023 కేంద్ర బడ్జెట్‌లో కొత్తగా 157 నర్సింగ్ కాలేజీలు ప్రకటించారు. బీఎస్సీ నర్సింగ్ నాలుగేళ్ల కోర్సు. ఈ ఏడాది ఇంటర్ ముగించి అందులో చేరే అమ్మాయిలూ అబ్బాయిలూ పట్టా పుచ్చుకుని వార్డులోకి వచ్చేలోగా ఈ నిబంధనలన్నీ అమల్లోకి రావాలి. అందుకు ప్రభుత్వాల చేతిలో ఉన్న గడువు ఆ నాలుగేళ్లే.